పన్నెండేళ్లు వెనక నిలబడి పాడిన గొంతు, మొదటి సోలో కంట్రీ ఆల్బమ్

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీరు తెలుగింటి గాయని. అమెరికా పల్లె పాటల నుంచి ఎదిగిన కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో (టెనెసీ రాష్ట్రం) పన్నెండేళ్లుగా కంట్రీ గాయకుల వెనక హార్మనీ, అంటే అసలు వరుసకు తోడుగా వేరే స్వరాల్లో సాగే వరుస, పాడుతున్నారు. ఇప్పుడు దాచుకున్న సొమ్ముతో పది పాటల తొలి సోలో ఆల్బమ్ చేయబోతున్నారు. మూడు పాటలకు గైడ్ వోకల్ (అసలు రికార్డింగుకు ముందు నమూనాగా పాడేది) పాడి స్నేహితులకు వినిపిస్తే, "చాలా బాగుంది, కానీ పాడుతున్నది ఎవరో తెలియడం లేదు" అన్నారట. ఆ మాట మీకు గుచ్చుకుంది. దానితో పాటు మరికొన్ని అడిగారు. హార్మనీలన్నీ మీరే పాడుకోవచ్చా? ఇంతకాలం ఎవరి వెనక పాడారో ఆ గాయకుణ్ణి ఒక పాటకు పిలవవచ్చా? పాత పాటలు తీసుకోవాలా, సొంతవి రాయాలా? ఆల్బమ్ వచ్చాక ఇతరుల వెనక పాడే బ్యాకింగ్ పనులు ఆగిపోతాయా?

నేను రాజమండ్రిలో పుట్టినవాణ్ణి. ఇరవై రెండేళ్లుగా నాష్‌విల్ స్టూడియోల్లో రికార్డింగ్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. హార్మనీ గాయనీగాయకులు చేసిన తొలి ఆల్బమ్‌లు ఆరింటికి మైకులు పెట్టాను. వాటిలో రెండు నాకు ఇప్పటికీ ఇష్టం. ఒకటి తలచుకుంటే ఇప్పటికీ బాధ. ఆ బాధ సంగతి కూడా కింద రాస్తాను, మీకు అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ముందుగా ఆ స్నేహితుల మాట. అది మీ గొంతులో లోపం కాదు. మీరు పన్నెండేళ్లు కష్టపడి సంపాదించిన నైపుణ్యమే అలా వినిపిస్తోంది.

మన బుర్రకథ గుర్తు చేసుకోండి, చూసి ఉండకపోతే ఇంట్లో పెద్దవారిని అడగండి. నడుమ కథకుడు, చెరో పక్క గుమ్మెటలతో ఇద్దరు వంతలు. తెలుగులో 'వంత పాడటం' అంటే అవతలివారు చెప్పినదానికల్లా తలూపడం అనే అర్థం స్థిరపడిపోయింది గానీ, బుర్రకథ వంతలు అలాంటివారు కాదు. ఒకరు హాస్యం పండిస్తారు, మరొకరు లోకం తీరు మీద వ్యాఖ్య చేస్తారు. కథకుణ్ణి ఆపి ప్రశ్నలు వేస్తారు. ముగ్గురి గొంతులూ వేరువేరుగా ఊరికి తెలుస్తాయి. కంట్రీ హార్మనీకి ఆ వెసులుబాటు లేదు. అక్కడ వంత గొంతు లీడ్ గొంతుకు, అంటే ముందు నిలబడి పాడే ముఖ్య గాయకుని గొంతుకు, నీడలా ఉండాలి. మనిషి కదిలితే కదలాలి, ఆగితే ఆగాలి.

అందుకే హార్మనీ పాడేవారు మొదట నేర్చుకునేది తమను తాము దాచుకోవడం. పదం చివరి స్, ట్, డ్ ధ్వనులను మింగేస్తారు. లీడ్ ఒక్కరే 'ట్' అనాలి. వెనక ముగ్గురూ వెంట్రుకవాసి తేడాతో అదే 'ట్' అంటే గులకరాళ్లు రాలినట్టు ఉంటుంది. స్వరాన్ని వణికించకుండా తిన్నగా నిలుపుతారు, ఎందుకంటే వేర్వేరు వేగాల కంపనాలున్న గొంతులు ఒకదానిలో ఒకటి కలవవు. లీడ్ ఊపిరి తీసిన చోటే ఊపిరి తీస్తారు, ఆ చప్పుడు మైకుకు అందకుండా తల పక్కకు తిప్పుతారు. అన్నిటికంటే ముఖ్యంగా, పదం ఎప్పుడు మొదలవ్వాలో తాము నిర్ణయించరు. ఎదుటి మనిషి నోటి కోసం ఎదురుచూస్తారు. కంట్రీ గాయని ఎమ్మీలూ హారిస్ 1975లో గాయకుడు, గీతరచయిత బాబ్ డిలన్ ఆల్బమ్‌కు పాడినప్పుడు సాధనకు సమయమే దొరకలేదు, ఆయన నోటి కదలికను చూసుకుంటూ పాడాల్సి వచ్చింది. ఆ పాటలు వింటే ఇద్దరి మధ్య సన్నని ఎడం తెలుస్తుంది, అది ఎంతో అందంగా కూడా ఉంటుంది. కానీ నోటిని చూడటానికి అవతల ఎవరూ లేనప్పుడు ఏం చేయాలి? మీ ఆల్బమ్ అంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నిలుస్తుంది.

పదాల చివర్లు సరిచేసుకోవడం తేలిక. కంట్రీ పాట కథ చెబుతుంది. వినేవాడు కారు నడుపుతూ ఒక్కసారే వింటాడు. ఆ ఒక్కసారిలోనే ఎవరు వెళ్లిపోయారో, ఏ ఊరికో, ఎందుకో తెలియాలి. మీ పాటల సాహిత్యాన్ని కాగితం మీద రాసుకుని, మీరు మింగుతున్న హల్లులన్నిటి కింద గీతలు గీయండి. మొదట కాస్త అతిగా పలకండి, తర్వాత తగ్గించుకోవచ్చు. తెలుగు అజంత భాష కాబట్టి మన చెవి పదం చివరి అచ్చు మీద సేదదీరుతుంది. ఇంగ్లీషు పాటలో బరువు చాలాసార్లు చివరి హల్లు మీద పడుతుంది. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో వోకల్ ఎడిటింగ్ చేసేటప్పుడు ఆ చివరి హల్లులు నా చెవికి ఆనేవే కావు. మీరు టెనెసీలో పుట్టి పెరిగారు కాబట్టి మీకు ఆ ఇబ్బంది లేదు. మీది కేవలం హార్మనీ అలవాటు, రెండు మూడు వారాల్లో వదులుతుంది.

ఊపిరి విషయంలో మీ ఇంజనీరుతో ముందే మాట్లాడండి. ఈ రోజుల్లో ఊపిరి చప్పుళ్లన్నిటినీ ఏరి పారేయడం చాలామందికి అలవాటైపోయింది. మీ ఆల్బమ్‌లో వాటిని ఉంచమనండి. ఒక కఠినమైన మాట అనే ముందు మనిషి తీసుకునే ఊపిరి కూడా సాహిత్యంలో భాగమే. పన్నెండేళ్లు దాచుకున్న ఊపిరి అది, ఇప్పుడు వినిపించనివ్వండి.

కాలం విషయం కష్టమైనది. అందుకే దాని మీద ఎక్కువ రాస్తున్నాను.

కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ పాడిన ఏ పాటైనా తీసుకుని, కాలితో తాళం వేస్తూ వినండి. ఆయన మాట తాళం మీద దాదాపు పడదు. వెనకబడుతుంది, ఉన్నట్టుండి ముందుకు దూకుతుంది, వాక్యం ముగిసేసరికి మళ్లీ ఇంటికి చేరుతుంది. అది పొరపాటు కాదు, మాట్లాడే తీరు. మనిషి మాట్లాడేటప్పుడు ఇష్టమైన పదం దగ్గర ఆగుతాడు, సిగ్గుపడే పదాన్ని తొందరగా దాటిస్తాడు. హార్మనీ గాయని అలా చేయకూడదు, చేస్తే మరుసటి సెషన్‌కు పిలవరు. కాబట్టి మీ గొంతు ప్రతి అక్షరాన్నీ తాళం మీద పొందికగా దించేస్తుంది. స్నేహితులకు మనిషి కనిపించనిది అక్కడే.

దీనికి నేను చెప్పే సాధన ఇది. పాటను పాడకండి. మీకు బాగా తెలిసిన ఒక మనిషి ఎదురుగా కూర్చున్నట్టు ఊహించుకుని, ఆ సాహిత్యాన్ని మామూలు మాటల్లా చెప్పండి. ఫోనులో రికార్డు చేసుకోండి. విని, ఎక్కడ ఆగారో, ఏ పదాన్ని నొక్కారో, ఏ పదాన్ని దాటేశారో కాగితం మీద గుర్తులు పెట్టుకోండి. తర్వాత ఒక్క గిటారుతో, క్లిక్ ట్రాక్ (చెవిలో తాళం కొట్టే టక్‌టక్ చప్పుడు) లేకుండా, ఆ గుర్తుల ప్రకారం పాడండి. మొదటి రోజు పాట కుంటుతుంది. భయపడకండి. వారం రోజులకు ఆ ఆగడాలన్నీ తాళంలో తమ చోటు వెతుక్కుంటాయి. నేను పనిచేసిన మంచి ఆల్బమ్‌లు రెండింటిలోనూ గాయనులు నెల రోజులకు పైగా ఇదే చేశారు.

మరో చిక్కు మీరు రాయలేదు, కానీ తప్పక ఉంటుంది. హార్మనీ పాడినవారి చెవి అసలు వరుస మీద కాక, దాని పైన మూడో స్వరం మీద కూర్చుని ఉంటుంది. ఆడవారు పాడినా ఇక్కడ ఆ పై వరుసను టెనర్ అనే అంటారు. ఒంటరిగా పాడుతున్నప్పుడు పల్లవి చివర తెలియకుండానే ఆ పై వరుసలోకి జారిపోతారు. మీ గైడ్ వోకల్స్ మళ్లీ వినండి, ఎక్కడో ఒకచోట ఇది దొరుకుతుంది. దీనికి మందు మన ఇంట్లోనే ఉంది. శ్రుతిపెట్టె గానీ, ఫోనులో తంబుర గానీ పెట్టుకుని, స-ప మాత్రమే మోగుతుండగా మీ కంట్రీ పాటను దాని మీద పాడండి. కార్డులు (గిటారు మీద కలిసి మోగే స్వరాల గుంపులు) ఉండవు, పట్టుకోవడానికి పక్క గొంతు ఉండదు, ఒకే ఒక్క ఆధారం. ప్రతి స్వరానికీ ఆ ఆధారంతో ఎంత దూరమో మీరే తేల్చుకోవాలి. మన సంగీతంలో పిల్లలు మొదటి రోజు నుంచీ చేసేది ఇదే. హార్మనీకి అలవాటుపడిన చెవికి ఇంతకంటే మంచి వ్యాయామం నాకు తెలియదు.

శ్రుతి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను: ప్రతి పాటకూ మీ శ్రుతిని మళ్లీ ఎంచుకోండి. మీరు ఇన్నేళ్లూ ఇంకొకరి శ్రుతిలో, వారి గొంతుకు పైనో కిందో దొరికిన చోట పాడారు. మీ గొంతు ఎక్కడ మాట్లాడుతుందో, ఎక్కడ అరుస్తుందో, ఎక్కడ విరుగుతుందో బహుశా మీకే పూర్తిగా తెలియదు. కంట్రీలో ఆ విరుపు చాలా విలువైనది. చరణం మాట్లాడే స్థాయిలో ఉండి, పల్లవిలో ఒకే ఒక్క చోట గొంతు విరిగే అంచుకు చేరాలి. నాష్‌విల్‌లో శ్రుతి మార్చడం క్షణాల పని, ఎందుకంటే ఇక్కడి వాద్యకారులు కార్డుల పేర్లు రాసుకోరు, అంకెలు రాసుకుంటారు. 1, 4, 5 అంటే స, మ, పల మీద నిలిచే కార్డులు. ఆధారం ఏదైనా అంకెలు మారవు. మన స్వరాలకున్న సాపేక్షతే అది. ఈ పద్ధతికి 1950ల చివర్లో రూపం ఇచ్చినవాడు జోర్డనేర్స్ బృందంలోని నీల్ మాథ్యూస్. ఎల్విస్ ప్రెస్లీ వెనక పాడిన బృందం అది. ఈ ఊరి వాద్యకారులందరూ రోజూ చదివే లిపిని ఇచ్చినవాడు ఒక బ్యాకింగ్ గాయకుడు అని తలచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. మీకూ ఉండాలి.

ఇక రికార్డింగ్. ముందుగా వాద్యాలన్నీ రికార్డు చేసి, చివరన మీరు ఒక్కరే గదిలో నిలబడి పాడాలని మీ నిర్మాత అనుకుంటున్నట్టు రాశారు. దయచేసి అలా చేయకండి. ఇతరులకు ఆ పద్ధతి సరిపోవచ్చు. మీకు మాత్రం అది పాత ఉచ్చు. పూర్తయిన వాద్యాలు మీకు ఇంకో లీడ్ గాయకుడవుతాయి, మీరు మళ్లీ వాటి నోటిని చూస్తూ పాడతారు. బృందంతో కలిసి ఒకేసారి పాడండి. మీరు మరో గదిలో ఉండవచ్చు, అద్దంలో నుంచి డ్రమ్మర్ కనిపిస్తే చాలు. మీరు ఒక పదం దగ్గర ఆగితే స్టీల్ గిటారు వాయించేవారు ఆ ఖాళీని వింటారు, అందులోకి ఒక జారుడు స్వరం వదులుతారు. ఆ క్షణంలో మొదటిసారిగా ఇంకొకరు మీ నోటిని చూస్తూ వాయిస్తున్నారన్నమాట. ఈ అనుభూతి హార్మనీ గాయనికి మాటలతో నేర్పలేం, ఒళ్లు తెలుసుకోవాలి. ఖర్చు గురించి భయపడకండి. ఇక్కడ సెషన్ అంటే మూడు గంటలు, ఉదయం పదికి, మధ్యాహ్నం రెండుకు, సాయంత్రం ఆరుకు. ఆ మూడు గంటల్లో డెమోలైతే (నమూనా రికార్డింగులైతే) నాలుగైదు పాటలు అయిపోతాయి. మీ పద్ధతికి మీరు తొందరపడకుండా రెండేసి పాటలు పెట్టుకోండి. పది పాటలకు అయిదు సెషన్లు. ఏడాది పొడుగునా గదిలో ఒంటరిగా వోకల్స్ దిద్దుకోవడం కంటే ఇదే చవక.

ఇప్పుడు ఆ బాధ సంగతి. కొన్నేళ్ల కిందట ఒక గాయని తొలి ఆల్బమ్‌కు పనిచేశాను. ఊళ్లో ఆమె కంటే మంచి చెవి ఉన్నవారు అయిదారుగురు కూడా ఉండరు. హార్మనీలన్నీ తానే పాడతానంది. నేనూ సంతోషంగా ఒప్పుకున్నాను, ఎందుకంటే రెండో గొంతును పిలవక్కర్లేదు, శ్రుతి సరిచేయక్కర్లేదు, పని హాయిగా సాగుతుంది. పై వరుస, కింది వరుస, వాటికి జంటలు, పల్లవికి ఏడు గొంతులు. ప్రతిదీ దోషం లేకుండా కుదిరింది. అంతా అయ్యాక వింటే ఆ గొంతుల గుంపులో ఆమె ఎక్కడుందో తెలియలేదు. తన హార్మనీకి తగ్గట్టు తన లీడ్‌ను ఒదిగించుకుంది. తెలియకుండానే తన వెనకే తాను నిలబడింది. ఆ రోజు నేను నోరు విప్పి చెప్పాల్సింది, చెప్పలేదు. ఆల్బమ్ అలాగే వచ్చింది. ఆమె ఆ తర్వాత మరొకటి చేయలేదు.

కాబట్టి హార్మనీలన్నీ మీరే పాడుకోవచ్చా అన్న ప్రశ్నకు నా జవాబు వద్దు అనే. ఒకటి రెండు పాటల్లో, అదీ సాహిత్యం తనతో తాను మాట్లాడుకుంటున్నట్టు ఉన్నచోట పాడుకోండి. మిగతావాటికి వేరే గొంతు కావాలి, మీ గొంతుతో కాస్త గొడవపడే గొంతు. ఎమ్మీలూ హారిస్ కంటే గొప్ప హార్మనీ గాయని కంట్రీలో ఉందని నేను అనుకోను. 1975లో వచ్చిన ఆమె ఆల్బమ్‌లో మొదటి పెద్ద హిట్, లూవిన్ సోదరులనే గాయక జంట పాట, కంట్రీ చార్టులో మొదటి అయిదింటిలోకి వెళ్లింది. అందులో ఆమె పక్కన హార్మనీ పాడింది హెర్బ్ పెడర్సన్. తాను పాడలేక కాదు. ముందు నిలబడాలంటే పక్కన ఇంకొక మనిషి ఉండాలి.

మీరు వెనక పాడిన గాయకుణ్ణి పిలవడం గురించి. పిలవండి, కానీ యుగళగీతానికి కాదు. మీ వెనక హార్మనీ పాడటానికి పిలవండి. ట్రిషా ఇయర్‌వుడ్ సంగతి చూడండి. జార్జియా నుంచి వచ్చి, బెల్మాంట్ కళాశాలలో చదువుకుని, నాష్‌విల్‌లో డెమోలు పాడుతూ బతికింది. మన సినిమా రికార్డింగుల్లో ట్రాక్ పాడేవారు చేసే పని వంటిదే అది: పాట మొదట పలికేది వారి గొంతులో, లోకానికి వినిపించేది ఇంకొకరి గొంతులో. గార్త్ బ్రూక్స్ 1990 ఆల్బమ్‌లో బ్యాకింగ్ పాడింది. 1991లో తన పేరుతోనే తొలి ఆల్బమ్ తెచ్చింది, మొదటి సింగిల్ బిల్‌బోర్డ్ కంట్రీ చార్టులో నంబర్ వన్ అయింది. ఆ ఆల్బమ్‌లో ఒక పాటను గార్త్ బ్రూక్స్ రాశాడు, ప్యాట్ ఆల్గర్‌తో కలిసి. రాసి, ఆ పాటలో ఆమె వెనక నిలబడి హార్మనీ పాడాడు. అప్పటికే అతను దేశంలోకెల్లా పెద్ద కంట్రీ తార. యుగళగీతమైతే వినేవారి చెవి అతనివైపే వెళ్లిపోయేది. మీ గాయకుడు నిజంగా మీ మేలు కోరేవాడైతే ఈ మాట విని సంతోషిస్తాడు. సంకోచిస్తే, పిలవకపోవడమే మేలు.

పాటల ఎంపిక మీద ఇద్దరు గాయనుల అనుభవం చెబుతాను. జేనీ ఫ్రిక్ ఇండియానా అమ్మాయి. 1970ల్లో నాష్‌విల్‌లో ఆమె గొంతు వినిపించని రోజు లేదంటే అతిశయోక్తి కాదు. ప్రకటనల పాటలు పాడింది, పెద్ద పెద్ద తారల వెనక పాడింది. జానీ డంకన్ పాటల్లో ఒకటి రెండు పంక్తులు ఆమె ఒక్కతే పాడేది, పేరు మాత్రం వేసేవారు కాదు. ఆ గొంతు ఎవరిదని శ్రోతలు అడగసాగారు. 1977లో కొలంబియా రికార్డు కంపెనీతో ఒప్పందం, మరుసటి ఏడాది తొలి ఆల్బమ్. కానీ సోలోగా తొలి నంబర్ వన్ రావడానికి 1982 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వారి ఉత్తమ గాయని పురస్కారం ఆమెదే. మధ్యలో ఆ నాలుగేళ్లు ఎందుకు పట్టాయి? నా అభిప్రాయం ఇది: ఏ శైలి ఇచ్చినా పాడగలగడం బ్యాకింగ్ గాయనికి అన్నం పెడుతుంది, సోలో గాయనికి అడ్డుపడుతుంది. అన్నీ పాడగలిగినవారు ఏది పాడకూడదో తేల్చుకోవడానికి సమయం పడుతుంది. మీ పది పాటల జాబితా చూశాను. హాంకీటాంక్, బ్లూగ్రాస్ అనే కంట్రీ శైలులు, రెండు పాప్ ధోరణి ప్రేమగీతాలు, ఒక గాస్పెల్ (క్రైస్తవ భక్తిగీతం). మీరు అన్నీ చేయగలరని నిరూపిస్తున్న జాబితా అది. అందులో నాలుగు తీసేయండి. ఏవో మీకు తెలుసు.

డాలీ పార్టన్ కథ రెండో వైపు నుంచి వస్తుంది. తన మామయ్య బిల్ ఓవెన్స్‌తో కలిసి ఒక పాట రాసింది. 1966లో దాన్ని బిల్ ఫిలిప్స్ పాడితే పెద్ద హిట్టయింది. అందులో హార్మనీ గొంతు డాలీదే, రికార్డు మీద పేరు లేదు. అప్పటిదాకా ఆమె చేత పాప్ పాటలే పాడించాలనుకున్న కంపెనీ, ఆ పాట తర్వాత కంట్రీ పాడనిచ్చింది. 1967లో తొలి ఆల్బమ్ వచ్చింది. ఆమెకు తలుపు తెరిచింది గొంతు ఒక్కటే కాదు, ఆ పాట ఆమె రాసినది కావడం. కాబట్టి సొంత పాటలు సగమైనా ఉండాలి. పన్నెండేళ్లు వేదిక మీద ఎడమ పక్క నిలబడి మీరు చూసిన లోకం ఇంకెవరూ చూడలేదు: ఎదుట ఇంకొకరి వీపు, ఆ భుజం మీదుగా కనిపించే జనం ముఖాలు. దాని మీద ఒక పాట రాయండి. ఒకటి చాలు. పది పాటలూ అదే అయితే ఫిర్యాదుల చిట్టా అవుతుంది. 

తెలుగుదనం ఎంత ఉండాలని కూడా అడిగారు. వీణో మృదంగమో తెచ్చి అతికించకండి. మీ అమ్మమ్మ అన్న మాట ఒకటి పాటలోకి తనంతట తాను వస్తే ఆపకండి. కంట్రీ మొదటి నుంచీ ఊరి పేరు, ఇంటి పేరు, అమ్మ వంట చెప్పుకునే సంగీతం. ఇక ఈ ముఖంతో కంట్రీ పాడితే ఒప్పుకుంటారా అనే భయం గురించి: చార్లీ ప్రైడ్ మిసిసిపీ పత్తి చేలలో పెరిగిన నల్లజాతి గాయకుడు. 1966 ప్రాంతంలో ఆయన మొదటి రికార్డులను కంపెనీ ఫోటో లేకుండా రేడియోలకు పంపింది. 1971లో ఆయనే కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వారి ఆ ఏటి మేటి కళాకారుడు. దారి సులువని నేను అనను. కానీ మీ అట్ట మీద మీ ముఖం పెద్దగా, స్పష్టంగా ఉండాలి.

పాత పాటల విషయం త్వరగా ముగిస్తాను. ఒకసారి రికార్డయి విడుదలైన పాటను మీరు పాడాలంటే అమెరికా చట్టం ప్రకారం మెకానికల్ లైసెన్సు (ప్రతికి ఇంత అని చెల్లించి పాటను రికార్డు చేసుకునే హక్కు) తీసుకుంటే చాలు, రచయిత కాదనలేరు. ఇంకా ఎవరూ విడుదల చేయని పాటకు మాత్రం రచయిత అనుమతి తప్పనిసరి. సీడీ గానీ డౌన్‌లోడ్ గానీ అయితే ఒక్కో ప్రతికీ చట్టబద్ధమైన రేటు చాలా ఏళ్లు 9.1 సెంట్లు ఉండి, 2023లో 12 సెంట్లయింది. ఆ తర్వాత ఏటా ధరల పెరుగుదలను బట్టి మారుతోంది. స్నేహితులు రాసిన పాటలకు కూడా కాగితం రాసుకోండి. స్నేహం నిలవడానికే.

డబ్బు గురించి మీరు అడగలేదు, కానీ బ్యాకింగ్ గాయనులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. మీరు ఇన్నేళ్లూ పాడి, చెక్కు తీసుకుని, ఇంటికి వెళ్లారు. రికార్డు ఇంకొకరిది. శాటిలైట్ రేడియో, ఇంటర్నెట్ రేడియోల నుంచి సౌండ్‌ఎక్స్‌ఛేంజ్ అనే సంస్థ వసూలు చేసే సొమ్ములో 50 శాతం రికార్డింగ్ హక్కుదారుకు, 45 శాతం ముఖ్య కళాకారునికి, మిగిలిన 5 శాతం తక్కినవారికి వెళుతుంది. ఆ అయిదులో సగం వాద్యకారులకు, సగం బ్యాకింగ్ గాయకులకు. అంటే మీరు ఇంతవరకు ఆ రెండున్నర శాతంలో పంచుకున్నారు. సొంత డబ్బుతో చేసిన మీ ఆల్బమ్‌కు 45 శాతమూ మీదే, హక్కులు చేజార్చుకోకపోతే ఆ 50 శాతమూ మీదే. అందుకు రెండు విధాలుగానూ నమోదు చేసుకోవాలి, కళాకారిణిగా ఒకసారి, హక్కుదారుగా ఒకసారి. పాట రాసినవారి తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థలు వేరే ఉన్నాయి: సొంత పాటల స్ట్రీమింగ్ రాయల్టీకి ఎంఎల్‌సీలో, ప్రదర్శన రాయల్టీకి ఆస్కాప్ లేదా బీఎంఐలో చేరండి. మామూలు ఎఫ్ఎం రేడియో మాత్రం ఈ దేశంలో పాడినవారికి ఏమీ చెల్లించదు, రాసినవారికే చెల్లిస్తుంది. సొంత పాటలు ఉండాలనడానికి ఇది ఇంకొక కారణం. నిర్మాతతోనూ, వాద్యకారులతోనూ, హార్మనీ పాడేవారితోనూ మొదటి సెషన్‌కు ముందే సంతకాలు పెట్టించుకోండి. మీకు ఇన్నేళ్లు దక్కనిది ఏమిటో మీకు తెలుసు కాబట్టి, మీ వెనక పాడేవారి పేరు ఆల్బమ్ మీద వేయండి, న్యాయమైన వేతనం ఇవ్వండి.

చివరిగా, బ్యాకింగ్ పనులు ఆగిపోతాయా? కొన్ని ఆగుతాయి. ముందుకు వచ్చినవారిని వెనక నిలబెట్టుకోవడానికి కొందరు ఇష్టపడరు. ఎక్కువమంది అలా ఉండరు. ఎమ్మీలూ హారిస్ డిలన్‌తో పాడింది తన 1975 ఆల్బమ్ వచ్చిన తర్వాతే. ఆ తర్వాత కూడా జీవితమంతా ఇతరుల రికార్డుల్లో హార్మనీ పాడుతూనే ఉంది. ఒక సంగతి గమనించండి. 1969లో ఆమె సొంత ఆల్బమ్ ఒకటి వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత గాయకుడు గ్రామ్ పార్సన్స్ పక్కన పాడి కంట్రీ నేర్చుకుంది. 1973 సెప్టెంబరులో అతను 26 ఏళ్లకే పోయాడు. 1975 ఆల్బమ్‌లో ఆ దుఃఖం మీద తాను కలిసి రాసిన పాట ఉంది. 1969 నాటి గొంతే అది. మధ్యలోని ఆరేళ్లలో మరో మనిషి పక్కన నిలబడి వినడం, ఆ మనిషి లేకుండా పోవడం జరిగాయి. పక్కన పాడిన కాలం వృథా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మీ పన్నెండేళ్లూ అంతే.

మీరు పంపిన మూడింటిలో రెండో పాట, వంటింట్లో ఫోనులో రికార్డు చేసినది, మూడుసార్లు విన్నాను. రెండో చరణంలో 'ఇల్లు' అనే పదం ముందు మీరు ఆగారు, వెనక కుక్కర్ కూత వినిపించింది, ఆ తర్వాత ఆ పదం కాస్త ఆలస్యంగా, కొద్దిగా విరిగి వచ్చింది. అక్కడ పాడుతున్నది ఎవరో నాకు తెలిసింది. ఆ ఫైలును చెరపకండి. సెషన్ రోజు ఉదయం బృందానికి అదే వినిపించండి. ఆ ముందు రోజు మాత్రం ఎవరి వెనకా పాడే పని ఒప్పుకోకండి.